ఫ్లెక్సీ వద్దు, గీత గీయండి

హైదరాబాద్ మహానగరంలోని మున్సిపల్ కమిషనర్లకు, మెట్రో రైలు అధికారులకు, తెలంగాణ క్రీడా ప్రాధికార సంస్థకు

అయ్యా, అమ్మా,

మన పిల్లలు పతకం తెచ్చిన ప్రతిసారీ నగరంలో జరిగే తంతు మీకు తెలిసిందే. ఎయిర్‌పోర్టు నుంచి ఊరేగింపు, శాలువా, చెక్కు, కూడళ్ల నిండా ఫ్లెక్సీలు. ఫ్లెక్సీలో పతకం తెచ్చిన అమ్మాయి ఓ మూల, అభినందించేవాళ్లు మిగతా జాగా అంతా. రెండు వారాలు తిరిగేసరికి అది ఏ మిర్చి బండికో పైకప్పు అవుతుంది. ఇంత హడావిడిలో ఒక్క సంగతి మాత్రం ఎక్కడా కనబడదు. ఆ అమ్మాయి ఎంత దూరం దూకింది? ఎంత బరువెత్తింది? ఎంత వేగంగా ఉరికింది? పేపర్లో 6.83 మీటర్లు అని చదివితే అది ఒట్టి అంకె. అదే 6.83 మీటర్లు బస్టాపులో మన కాళ్ల దగ్గర మొదలై అల్లంత దూరాన ఆగిందనుకోండి, బస్సు వచ్చేలోపు మనిషి ఒక్కసారైనా దాని పొడవునా నడిచి చూస్తాడు.

మేం అడిగేది అదే. క్రీడాకారులు సాధించిన కొలతలను అసలు సైజులో, జనం రోజూ నిలబడే చోట, నేల మీదో గోడ మీదో పెట్టండి. రోడ్లు, ఫుట్‌పాత్‌ల డిజైన్ చేసేవాళ్లం, అథ్లెటిక్స్ నేర్పేవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. అందుకే ఇందులో పొగడ్తలు తక్కువ, కొలతలు ఎక్కువ.

ఈ పనికి హైదరాబాద్‌లో పుట్టుకతో వచ్చిన సౌకర్యం ఒకటుంది. ఇక్కడ ప్లాటు కొనే స్తోమత లేనివాళ్లు కూడా ఫీట్లలో, గజాల్లోనే మాట్లాడతారు. "ఇరవై ఫీట్ల రోడ్డు, నూట యాభై గజాలు, ఈస్ట్ ఫేసింగ్" అంటే ఎవరికైనా కళ్లకు కట్టినట్టుంటుంది. ఆ ఇరవై ఫీట్లు 6.10 మీటర్లు. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు వెడల్పు అంతే. బాక్సింగ్ రింగులో తాళ్ల మధ్య ఒక్కో వైపు దూరమూ అంతే. అంటే నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ విజేత అయింది మన గల్లీ వెడల్పంత చదరంలోనే, 45 గజాలు కూడా లేని జాగాలో. ముప్పై ఫీట్ల రోడ్డు 9.14 మీటర్లు. మైక్ పావెల్ 1991లో టోక్యోలో దూకిన లాంగ్ జంప్ దానికి 19 సెంటీమీటర్లే తక్కువ. ఇక అరవై ఫీట్ల రోడ్డయితే 18.29 మీటర్లు. 1995లో గోథెన్‌బర్గ్‌లో జోనథన్ ఎడ్వర్డ్స్ చేసిన ట్రిపుల్ జంప్ సరిగ్గా 18.29. ఈ గోడ నుంచి ఆ గోడకు, మధ్యలో రెండే రెండుసార్లు నేలను తాకి.

కాబట్టి మొదటి మెట్టుకు పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ప్రతి డివిజన్‌లో ఒక ఇరవై ఫీట్ల గల్లీ, ఒక ముప్పై ఫీట్ల కాలనీ రోడ్డు, ఒక అరవై ఫీట్ల రోడ్డు ఎంచుకోండి. రోడ్డుకు అడ్డంగా రంగు గీత వద్దు. రెండు అంచుల్లో రెండు రాళ్లు పాతి, ఒక రాతి మీద పేరు, ఊరు, సంవత్సరం, కొలత చెక్కితే చాలు. ఒక హెచ్చరిక. కాగితం మీద ముప్పై ఫీట్లున్న రోడ్డు నేల మీద ఇరవై ఏడే ఉండటం మన నగరంలో వింత కాదు. ఇళ్ల ముందు ర్యాంపులు, మెట్లు, కారు షెడ్లు రోడ్డును ఎలా మింగాయో మీకు మేం చెప్పక్కర్లేదు. అలాంటిచోట పావెల్ రాయి ఎవరి గేటు లోపలికో పడుతుంది. అప్పుడు రాయిని ఇవతలికి జరపకండి. ఏం జరపాలో టౌన్ ప్లానింగ్ వాళ్లు చూసుకుంటారు.

పలక మీద ఏం రాయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సగం ప్రాజెక్టులు పాడయ్యేది అక్కడే. "ప్రపంచ రికార్డు" అని రాయకండి. పోల్‌వాల్ట్‌లో అర్మాండ్ డుప్లాంటిస్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 6.25 మీటర్లు దూకాడు, 2025లో టోక్యోలో 6.30కి వెళ్లాడు. రికార్డు అని చెక్కిన రాయి ఏడాదికే అబద్ధమవుతుంది. మార్చడానికి టెండరు పిలవాలి, ఎవరూ పిలవరు. "డుప్లాంటిస్, టోక్యో, 2025, 6.30" అని రాస్తే అది ఎప్పటికీ నిజమే. రెండోది, పలక మీద ఎవరి ఫొటో, ఎవరి సౌజన్యం వద్దు.

మెట్రో స్టేషన్ల విషయానికొస్తే, రోడ్డు మధ్య పిల్లర్లను ముట్టుకోకండి. పిల్లర్ నంబరు చెప్పి అడ్రసు చెప్పుకునే ఊరు మనది, అందుకని పిల్లర్ మీద హైజంప్ గీత గీయాలని ఎవరికైనా బుద్ధి పుడుతుంది. కానీ అది చూడటానికి మనుషులు డివైడర్ దాకా వెళ్తారు. మనకు కావలసింది స్టేషన్ మెట్లు. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లనుకుంటే, 14 మెట్లు ఎక్కితే 2.10 మీటర్లు. యరోస్లావా మహుచిఖ్ 2024 జూలైలో పారిస్‌లో దూకిన ఎత్తు అది. పదహారో మెట్టు దాటి ఇంకో 5 సెంటీమీటర్లు పోతే 2.45, హవియర్ సోతోమయోర్, సలమాంకా, 1993. డుప్లాంటిస్ దగ్గరకు వెళ్లాలంటే 42 మెట్లు ఎక్కాలి. ఆఫీసు బ్యాగుతో ఆ 42 మెట్లు ఎక్కి ఆయాసపడేవాడికి 6.30 అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ పొరపాటు జరిగే చోట్లు మూడు. అన్ని మెట్లూ 15 ఉండవు. ముఖ్యంగా మొదటి మెట్టు, చివరి మెట్టు ఫ్లోరింగ్ మందం వల్ల తేడాగా ఉంటాయి. కాబట్టి మెట్లు లెక్కపెట్టకుండా, కింది ఫ్లోర్ నుంచి లేజర్ లెవెల్‌తో ఎత్తు తీసుకుని, అది మెట్టుకు సరిగ్గా పడకపోతే గీతను పక్క గోడ మీదే పెట్టండి. రెండోది, మెట్ల అంచుల్లో ఉండే పసుపు పట్టీ చూపు తక్కువున్నవాళ్ల కోసం. దాని మీద ఏ స్టిక్కరూ పడకూడదు. మూడోది, పలకను మెట్ల మొదట్లో పెట్టకండి. చదవడానికి ఒక్కడు ఆగితే రద్దీ వేళ వెనకాల వంద మంది ఆగుతారు. పలక మలుపు దగ్గరి చదునులో ఉండాలి.

పార్కు గేట్ల దగ్గర ఎత్తును ఇంకోలా చూపవచ్చు. తల మీదుగా అడ్డంగా ఒక సన్నటి కడ్డీ, సరిగ్గా 2.45 మీటర్ల ఎత్తులో. దాని కింద 2.29లో ఇంకోటి, తేజస్విన్ శంకర్ 2018లో దూకినది. నడిచేవాళ్ల తలకు పైన 2.2 మీటర్ల వరకు ఏ అడ్డూ ఉండకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల కోసం రాసిన ఐఆర్‌సీ 103 మార్గదర్శకాలు చెబుతాయి. ఈ రెండు కడ్డీలూ ఆ లెక్కలో పాసవుతాయి. 2.10 మాత్రం పాసవదు, దాన్ని గోడ మీది గీతగానే ఉంచాలి. ఇలాంటి ఎత్తులకు మన రోడ్లతో వచ్చే గొడవ ఒకటుంది. పాత తారు గీకకుండా మీద మీద కొత్త తారు పోయడం వల్ల నేల మట్టం పెరుగుతూ పోతుంది. అందుకని కడ్డీ కింద గేటులో ఒక రాతి గడప పెట్టి, ఎత్తును దాని పైనుంచే కొలవాలి. గడప మునిగితే కొలత తప్పిందని ఎవరికైనా తెలుస్తుంది.

పరుగు దగ్గర అందరూ చేసే తప్పు, 100 మీటర్ల పట్టీ వేయాలనుకోవడం. ట్రాన్స్‌ఫార్మర్, కొబ్బరి బోండాల బండి, నిలిపిన బైకులు, కోసేసిన చెట్టు మొదలు, ఇవేవీ లేని 100 మీటర్ల తిన్నని ఫుట్‌పాత్ ఈ నగరంలో ఎన్నిచోట్ల దొరుకుతుంది? బండివాళ్లను లేపి గీత గీయమని మేం అనడం లేదు. గీతే చిన్నది కావాలి. ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్లలో పరుగెత్తినప్పుడు 60 నుంచి 80 మీటర్ల మధ్య ముక్క 1.61 సెకన్లలో దాటాడు. గంటకు 44 కిలోమీటర్లు దాటిన వేగం. కాబట్టి 20 మీటర్లు గుర్తు పెడితే చాలు. చేతిలో ఫోను ఉన్న ప్రతివాడి దగ్గరా స్టాప్‌వాచ్ ఉంది. 100 మీటర్లంతా బోల్ట్ 41 అడుగుల్లో ముగించాడు. మామూలుగా నడిచే మనిషికి 130 పైనే పడతాయి. కొందరు డిజైనర్లు ఆ 41 అడుగులనూ సమాన దూరాల్లో పాదముద్రలుగా వేద్దామంటారు. అది తప్పు. మొదటి అడుగులు పొట్టివి, వేగం అందుకున్నాక పొడుగువి. సమానంగా వేస్తే అందంగా ఉంటుంది కానీ పరుగు అలా ఉండదు.

నిజంగా 100 మీటర్లు దొరికే చోట, ఉదాహరణకు నెక్లెస్ రోడ్డులో హుస్సేన్ సాగర్ వైపు, బోల్ట్ కంటే మన జ్యోతి యర్రాజీ పరుగు వేయమని మా సలహా. విశాఖ అమ్మాయి, 100 మీటర్ల హర్డిల్స్‌ను 2023లో చెంగ్డులో 12.78 సెకన్లలో ముగించింది. గుర్తులు వేయాల్సింది 13, 21.5, 30, 38.5, 47, 55.5, 64, 72.5, 81, 89.5 మీటర్ల దగ్గర. ఆ తర్వాత 10.5 మీటర్లకు ముగింపు. మొదటి హర్డిల్ దాకా 13, ఆపైన ఒక్కోదానికి 8.5, ఆ ఎనిమిదిన్నరలో మూడే అడుగులు. హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు, ఇంట్లో డైనింగ్ టేబుల్ కంటే బెత్తెడు ఎక్కువ. దారిలో నిజం హర్డిల్ పెట్టకండి, చీకట్లో తట్టుకుని పడతారు. పక్కన రెయిలింగ్ ఉంటే, ఆ పది చోట్లా రెయిలింగ్ నిలువు కమ్మీకి 83.8 ఎత్తులో ఒక రంగు కట్టు వేయండి. నేల మీద గీత, పక్కన కట్టు. పిల్లలు వాటి పక్కన నిలబడి తమ నడుముతో కొలుచుకుంటారు.

అక్కడే ఒక చిన్న పలక ఇంకోటి పడుతుంది. 2023లో షికాగో మారథాన్‌ను కెల్విన్ కిప్టమ్ 2 గంటల 35 సెకన్లలో పూర్తి చేశాడు. అంటే ప్రతి 100 మీటర్లకూ 17.15 సెకన్లు. ఆ పట్టీ మీద 17 సెకన్లలో పరుగెత్తగలిగిన కుర్రాళ్లు చాలామందే ఉంటారు. పలక మీద ఈ మాట ఉండాలి: "ఇలా ఆగకుండా 422 సార్లు." బోల్ట్‌ను చూసి నోరు తెరవడమే. కిప్టమ్‌తో ఓ 100 మీటర్లు మనమూ కలిసి పరుగెత్తవచ్చు.

పార్కుల్లో నడక దారి ఎలాగూ ఉంది. దాని మీద 400 మీటర్లు కొలిచి మొదలు, చివర గుర్తు పెట్టండి. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024లో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో దీన్ని 55.07 సెకన్లలో పూర్తి చేసింది. గంటకు 26 కిలోమీటర్లు. సాయంత్రం నడకకు వచ్చేవాళ్లకు అదే దూరం నాలుగున్నర, అయిదు నిమిషాలు పడుతుంది. వంపు దారిలో కొలత లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో తీసుకోవాలి, ట్రాక్‌లో చేసినట్టే. చక్రం దొర్లించి కొలిచే పరికరాన్ని గుడ్డిగా నమ్మకండి. పేవర్ బ్లాకుల ఎత్తుపల్లాల్లో చక్రం ఎగిరెగిరి, ఉన్న దూరం కంటే ఎక్కువ చూపిస్తుంది. ముందు టేపుతో కొలిచిన 100 మీటర్ల మీద దాన్ని నాలుగుసార్లు దొర్లించి తేడా తెలుసుకోవాలి.

టేపు కూడా అమాయకమైనదేం కాదు. ఉక్కు టేపు 20 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం నేల మీద పరిచి 50 డిగ్రీలకు వేడెక్కనిస్తే 100 మీటర్లకు దాదాపు మూడున్నర సెంటీమీటర్లు సాగుతుంది. హర్డిల్స్‌కు అది పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. కానీ నీరజ్ చోప్రా 2021లో టోక్యోలో విసిరిన 87.58 మీటర్లను చూపాలంటే, సెంటీమీటర్లలో నమోదైన కొలతను మనం మూడు సెంటీమీటర్లు తప్పు వేసినట్టవుతుంది. తెల్లవారుజామున కొలవండి. గుడ్డ టేపు అసలే వద్దు. జావెలిన్‌కు ఇంకో షరతు, మొదలు రాయి దగ్గర నిలబడితే చివరి గుర్తు కంటికి కనబడాలి. మధ్యలో చెట్టో కియోస్కో అడ్డొస్తే అది రెండు సంబంధం లేని రాళ్లవుతుంది. చివర్న మనిషెత్తు స్తంభం పెట్టండి, నేల పలక 87 మీటర్ల నుంచి కనబడదు.

ఇప్పుడు సరుకు సంగతి. మున్సిపాలిటీకి సులువుగా తోచేది థర్మోప్లాస్టిక్ రంగు, రోడ్ల మీద జీబ్రా గీతలకు వాడేదే. దాదాపు 200 డిగ్రీలకు కాచి రెండున్నర మిల్లీమీటర్ల మందాన పరుస్తారు. చదరపు మీటరుకు సుమారు 5 కిలోలు. 10 సెంటీమీటర్ల వెడల్పున ఫుట్‌పాత్‌కు అడ్డంగా 1.8 మీటర్ల గీతకు కిలో కూడా పట్టదు, హర్డిల్స్ గుర్తులన్నిటికీ కలిపి 10 కిలోలు. చవకే. కానీ అది తారుకు పట్టినట్టు పేవర్ బ్లాకులకు పట్టదు. ప్రైమర్ లేకుండా వేస్తే మొదటి వానాకాలంలోనే పెచ్చులుగా లేస్తుంది. బ్లాకుల సందుల దగ్గర చీలుతుంది, తడిస్తే జారుతుంది. అసలు ప్రమాదం వేరే ఉంది. కేబుల్ కోసమో పైపు కోసమో ఫుట్‌పాత్ తవ్వి, మళ్లీ పేర్చేటప్పుడు ఏ బ్లాకు ఎక్కడిదో ఎవరూ చూడరు. పావెల్ గీత ముక్కలై అటో ముక్క ఇటో ముక్క పడి ఉంటుంది.

అందుకని శాశ్వతంగా ఉండాల్సిన చోట రాయి వాడండి. ఇత్తడి అక్షరాలు బాగుంటాయి కానీ మ్యాన్‌హోల్ మూతలే మిగలని చోట అవి వారం ఉండవు. తాండూరు, షాబాద్ బండలు పొరలుగా లేస్తాయి, అరిగితే నున్నబడతాయి. కరీంనగర్ గ్రానైట్ మంచిది, అయితే పాలిష్ చేసినది కాదు, మంటతో గరుకు చేసిన ఫ్లేమ్ ఫినిష్ కావాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 6 మందం ఉన్న ముక్కలు మూడు పెడితే 1.8 మీటర్ల ఫుట్‌పాత్‌కు సరిపోతాయి. ఆ మందం మామూలు ఫుట్‌పాత్ బ్లాకు మందమే కాబట్టి మట్టం కలుస్తుంది. కింద ఇసుక మాత్రం కాదు, 10 సెంటీమీటర్ల కాంక్రీటు పోయాలి. చుట్టూ బ్లాకులు కదిలినా రాయి కదలదు. ఒక్కో రాతికి పక్కనున్న ప్రహరీ మీదో, కర్బ్ మీదో రెండు సాక్షి గుర్తులు పెట్టి దూరాలు రిజిస్టరులో రాసి ఉంచండి, సర్వేయర్లు హద్దురాళ్లకు చేసినట్టు. రోడ్డు తవ్వకం అనుమతి పత్రంలో ఒక్క వాక్యం చేర్చండి: కొలత రాయిని కదిలిస్తే సాక్షి గుర్తుల నుంచి కొలిచి తిరిగి పెట్టే బాధ్యత తవ్వినవాళ్లదే.

అక్షరాలు. నిలబడి చూసేవాళ్లకు చదవడానికి 5 సెంటీమీటర్ల అక్షరం, 12 సెంటీమీటర్ల అంకె కావాలి. ఇంగ్లిష్‌కు సరిపోయిన వరుసల మధ్య దూరం తెలుగుకు చాలదు. కింద ఒత్తులు, పైన గుడులు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. 5 సెంటీమీటర్ల అక్షరానికి 9, 10 సెంటీమీటర్ల వరుస పెట్టండి. రేకు స్టెన్సిల్‌తో రంగు వేస్తే ఇంకో చిక్కు. సున్నా చుట్టూ కోస్తే మధ్య బిళ్ల రాలిపోయి, అక్షరం నిండు చుక్క అవుతుంది. తెలుగులో గుండ్రటి అక్షరాలకు కొదవ లేదు కాబట్టి ప్రతిదానికీ సన్నటి బంధాలు వదిలి కోయాలి, లేదంటే చెక్కించాలి. ఉర్దూ పంక్తిని కంప్యూటర్ ఫాంటుతో లాగించకండి. ఈ నగరంలో కాతిబ్‌లు, అంటే ఉర్దూను చేత్తో అందంగా రాసేవాళ్లు, ఇంకా ఉన్నారు, వాళ్లతో రాయించండి.

బరువు గురించి. శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్ స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఆమె పోటీపడిన శరీర బరువు తరగతి 69 కిలోలు. ఆ 130 కిలోలను బస్టాపులో కూర్చునే దిమ్మగా పెట్టవచ్చు. 32.7 సెంటీమీటర్ల చదరం, 45 ఎత్తు ఉన్న గ్రానైట్ దిమ్మ సుమారు 130 కిలోలు తూగుతుంది. 45 అంటే కూర్చోవడానికి సరైన ఎత్తే. రాయిని బట్టి సాంద్రత మారుతుంది కాబట్టి లెక్క మీద ఆధారపడకుండా, వేబ్రిడ్జి మీద కాక చిన్న కాటా మీద తూకం వేయించి, ఎక్కువుంటే అడుగున తొలిపించండి. పక్కన "130 కిలోలు. అయిదు 25 కిలోల బియ్యం బస్తాల పైన ఇంకో 5 కిలోలు. నాలుగు నిండు గ్యాస్ సిలిండర్ల కంటే ఎక్కువ" అని ఉండాలి. రైతు బజార్ల దగ్గర ఇది బాగా కుదురుతుంది. బస్తా ఎత్తి దించే హమాలీలకు ఆ అంకె ఎంతో మనకంటే బాగా తెలుసు. పైగా ఫుట్‌పాత్ మీదికి బైకులు ఎక్కకుండా అడ్డుగానూ పనికొస్తుంది, ఎత్తుకుపోయేవాడు కూడా ఉండడు. రెండు దిమ్మల మధ్య వీల్‌చైర్ పోవడానికి 1.2 మీటర్లు వదలండి.

లాంగ్ జంప్ బస్టాపు దగ్గరకు వద్దాం. మొదలు రాయి ఒకటి, 8.95లో పావెల్ ఒకటి, మూడు ఆటోలు వరసగా నిలబెట్టి పైన ఇంకో మీటరు. 6.83లో అంజు బాబీ జార్జ్, ఏథెన్స్, 2004. ఇంతటితో ఆపితే అది ప్రదర్శన అవుతుంది కానీ దగ్గరితనం రాదు. 2 మీటర్ల నుంచి ప్రతి అర మీటరుకూ చిన్న చుక్క గుర్తు ఉండాలి. ఏడో క్లాసు పిల్ల తనది ఎంతో చూసుకునేది వాటితోనే.

చూసుకున్నాక దూకాలనిపిస్తుంది. అక్కడే ప్రమాదం. పేవర్ బ్లాకుల మీద దూకితే మడమలు పోతాయి. అందుకని మా దృష్టిలో ఈ మొత్తంలో ముఖ్యమైనది డివిజన్‌కు ఒక ఇసుక గుంత. బస్టాపు పలక మీద "దూకాలంటే ఫలానా పార్కు, ఇన్ని మీటర్లు" అని బాణం ఉండాలి. గుంత వెడల్పు 2.75 మీటర్లు, పొడవు 8, ముందు పిల్లలకు 20 మీటర్ల పరుగు దారి, 1.22 వెడల్పున. అంతా కలిపి 60 గజాల లోపు. లోతు 40 సెంటీమీటర్లు వేసుకుంటే దాదాపు 9 ఘనపు మీటర్ల ఇసుక, సుమారు 14 టన్నులు పడుతుంది. కాంట్రాక్టరు తెచ్చేది రోబో ఇసుక అవుతుంది, జాగ్రత్త. దాని రేణువులకు కోణాలుంటాయి, పొడి ఎక్కువ. తడిసి ఆరితే గడ్డ కట్టి, దూకినవాడికి నేల మీద పడ్డట్టే ఉంటుంది. కడిగిన నది ఇసుకే కావాలి. ధర ఎక్కువే, కానీ అది ఆదా చేసే చోటు కాదు. అడుగున కంకర పొర, నీళ్లు పోయే దారి లేకపోతే జూలైలో అది చెరువు. అంచులు కాంక్రీటువి బయటికి కనబడకూడదు, రబ్బరో చెక్కో తొడగాలి. రాత్రి కుక్కలు, పిల్లులు పాడు చేయకుండా వల కప్పాలి. వారానికోసారి పారతో తిరగేయాలి. ఈ చివరి పని ఎవరిదో రాసి పెట్టకపోతే ఆరు నెలల్లో గడ్డి మొలుస్తుంది. పార్కు మాలీ డ్యూటీ చార్టులో అరగంట చేర్చడమే దీనికి మందు. గుంతను నడక దారి పక్కనే పెట్టండి, గోడ వెనక మూల కాదు. నడిచేవాళ్లు చూస్తుంటే పిల్లలు వస్తారు, అమ్మాయిలను పంపడానికి తల్లిదండ్రులూ ఒప్పుకుంటారు.

మిగతావి క్లుప్తంగా. కాలనీ గ్రౌండు గోడల మీద 7.32 వెడల్పు, 2.44 ఎత్తున గోల్‌పోస్టు గీయండి, 11 మీటర్ల దూరాన ఒక చుక్క. 1956 మెల్‌బోర్న్‌లో భారత ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం ఈ ఊరి కోచ్. ఆయన పేరు ఆ గోడ మీద ఉండటం న్యాయం. పనిలో పనిగా, సోతోమయోర్ దూకింది ఈ గోల్‌పోస్టు అడ్డకర్ర కింది అంచు కంటే ఒక సెంటీమీటరు ఎక్కువని కూడా రాయండి. ఇరవై ఫీట్ల గల్లీల్లో తాడు కట్టి షటిల్ ఆడుతూనే ఉన్నారు. రెండు స్తంభాలకు 1.55 మీటర్ల ఎత్తులో కొక్కేలు బిగిస్తే సింధు ఆడే నెట్ ఎత్తు అదే అవుతుంది. మెట్రో టికెట్ హాల్లో ఒక గోడ మీద 1.40 మీటర్ల ఎత్తున ఎయిర్ రైఫిల్ టార్గెట్, అద్దం వెనక, 10 మీటర్ల దూరాన నేల గీత. నల్లటి వలయం 30.5 మిల్లీమీటర్లు, నడుమ పది పాయింట్ల చోటు అర మిల్లీమీటరు చుక్క. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచు పతకం గెలిచింది ఈ చుక్కను గురిపెట్టే. గీత దగ్గర నుంచి అది కనబడదు. కనబడకపోవడమే అందులో చూడాల్సింది, కాబట్టి దయచేసి "జనానికి కనబడటం లేదు" అని పెద్దది చేయకండి.

ఎక్కడ వద్దో కూడా చెప్పాలి. చార్మినార్ చుట్టుపక్కల, పాత కట్టడాల రాతి మీద ఏమీ వద్దు. చూపు లేనివాళ్లకు దారి చూపే గీతల పసుపు పలకల మీద, వాటికి అటూ ఇటూ 60 సెంటీమీటర్ల లోపల ఏదీ వద్దు. సిగ్నల్ దగ్గర "మీరు రోడ్డు దాటే సమయంలో బోల్ట్ 100 మీటర్లు" అన్న తరహా రాతలు ఇప్పటికే కొందరి మనసులో ఉన్నాయి. లెక్క నిజమే, సెకనుకు 1.2 మీటర్ల నడకతో 9.58 సెకన్లలో మనం దాటేది పదకొండున్నర మీటర్లు. కానీ మన డ్రైవర్ల ముందు ఎవరినీ పరుగెత్తమని ప్రోత్సహించలేం.

మొదటి విడతగా నాలుగే అడుగుతున్నాం: ఒక మెట్రో స్టేషన్ మెట్లు, ఒక బస్టాపు, ఒక ముప్పై ఫీట్ల కాలనీ రోడ్డు, ఒక పార్కులో ఇసుక గుంత. నాలుగూ నడిచి చేరుకునేంత దగ్గర్లో ఉండాలి. వానలు మొదలైతే కాంక్రీటు, రాయి పని నిలిచిపోతుంది కాబట్టి బడులు తెరిచే జూన్ లోపు పూర్తి కావాలి. రాళ్లు పాతేముందు ప్రతి కొలతనూ ఇద్దరు వేర్వేరుగా తీయాలి, తేడా సెంటీమీటరు దాటితే మళ్లీ మొదటి నుంచి. కొలిచే రోజు ఏదో ముందుగా చెప్పండి. తెల్లవారుజామున అయిదున్నరకల్లా టేపు రెండో కొస పట్టుకోవడానికి వస్తాం.

ఇట్లు,
హైదరాబాద్‌లో రోడ్లు గీసే పనిలో, ఆటలు నేర్పే పనిలో ఉన్న కొందరం